పెట్టె కింది బొంగరం

క్లిఫర్డ్ హెప్‌వర్త్ మనసు డెబ్బై మూడో ఏట మారింది. మారినందుకు ఆయనకేమీ విచారం లేదు. ఆ సంగతి భార్యకు చెప్పకుండా మార్చుకునే వీలు లేకపోవడమే విచారం.

మధ్యలో ఒక ఆడమనిషి ఉన్న మాట నిజమే గానీ, మీరనుకునే గొడవ కాదు. ఇది ఓటు గొడవ.

క్లిఫర్డ్‌కు పుట్టుకతోనే చూపు లేదు. హోమ్‌రాయిడ్ ఊళ్లో దాదాపు ప్రతి మే నెలలోనూ ఏదో ఒక ఎన్నిక వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆయనా, భార్య డోరీనూ, ఆయనకు దారి చూపే కుక్కా కలిసి చాపెల్ అనే చిన్న చర్చి వెనక హాలుకు వెళ్తారు. చెక్క అడ్డుగోడల మధ్య ఇరుక్కుని నిలబడి ఆయన అభ్యర్థి పేరు చెబుతాడు, ఆమె పెన్సిలుతో కాగితం మీద ఇంటూ గుర్తు పెడుతుంది. తోడు వచ్చిన మనిషి ఒక ఫారం మీద సంతకం చెయ్యాలి. 'ఓటరుకు ఏమవుతారు' అన్నచోట డోరీన్ 'భార్య' అని రాసి, "ఇన్నేళ్లయినా ఇంకా అదే ఉద్యోగం. ప్రమోషన్ ఇస్తే ఒట్టు," అంటుంది. అక్కడి ఉద్యోగులు ప్రతి ఏడూ మర్యాదగా నవ్వుతారు. అలా నలభైసార్లకు పైనే అయింది.

పార్టీల రంగులు చూసే మనుషులు వేరు. క్లిఫర్డ్‌కు రంగులంటేనే పార్టీలు. ఎరుపంటే మామగారు విల్ఫ్ బల్ల గుద్దిన చప్పుడు. పసుపంటే చిన్నప్పుడు అమ్మతో పోయిన చాపెల్‌లో పాత పుస్తకాల వాసన. ఇంతకుమించి ఆ రెండిటి గురించీ ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

విల్ఫ్ ఉన్నిమిల్లులో యూనియన్ కార్యదర్శి. కరడుగట్టిన ఎర్ర మనిషి. డోరీన్ మొదటిసారి క్లిఫర్డ్‌ను ఆదివారం టీకి ఇంటికి పిలిచిన రోజున, డబ్బా సాల్మన్ చేప శాండ్‌విచ్‌లు తింటూ విల్ఫ్ పెద్దమనసుతో అన్నాడు: "ఓటు గురించి నువ్వేం దిగులు పెట్టుకోకు నాయనా. మా పిల్ల వేస్తుందిలే నీది కూడా. ఇంక మనింట్లో నాలుగు ఓట్లు."

అప్పటికి క్లిఫర్డ్‌కు ఏ రంగు మీదా ప్రత్యేకమైన ప్రేమ లేదు. కానీ తనను అడగకుండానే తన ఓటును కూర్చున్నచోట లెక్కేసుకోవడం ఒళ్లు మండించింది. టీ కప్పు సాసరు మీద పెట్టి, "నాది పసుపండీ," అన్నాడు.

ఆ ఒక్కమాటే ఆయన మెడకు చుట్టుకుంది. ఆ ఊళ్లో మనిషి ఒకసారి నోరు జారితే చచ్చేదాకా దాని మీదే నిలబడాలి. అదేదో గొప్ప గుణమనుకుంటారు. విల్ఫ్ పోయినా, మిల్లు మూతబడి అపార్ట్‌మెంట్లయినా, క్లిఫర్డ్ హెప్‌వర్త్ పసుపు మనిషిగానే మిగిలిపోయాడు. డోరీన్ తండ్రి కూతురు. పసుపు పక్కన గుర్తు పెట్టిన ప్రతిసారీ ఇంటికొచ్చేదాకా మాట్లాడేది కాదు.

అసలు ఆయన జీవితంలో ఆయనొక్కడికే తెలిసిన సంగతంటూ ఎప్పుడైనా ఉందా? ఉత్తరాలు ఎవరో చదివి పెట్టాలి. డాక్టరు రాసిన కాగితం ఆయనకంటే ముందు ఇంకొకరికి తెలియాలి. పెళ్లికి ముందు డోరీన్ రాసిన ఉత్తరాలు ఆయన తల్లి చదివి వినిపించేది. మధ్య మధ్య దగ్గేది. దగ్గిన చోటల్లా ఒక మంచి వాక్యం గాల్లో కలిసిపోయిందని క్లిఫర్డ్‌కు అనుమానం. అనుమానం డోరీన్‌కు చెబితే ఆ పిల్ల మండిపడి, ఒక్క చలికాలంలో బ్రెయిల్ నేర్చుకుంది. ఆమెకది పెద్ద కష్టం కాలేదు. మిల్లులో ఆమె పనే బట్ట మీద వేళ్లు పోనిచ్చి కంటికి కనపడని ముడులు వెతికి విప్పడం. ఆ తరువాత వచ్చిన ఉత్తరాలను క్లిఫర్డ్ దుప్పటి కింద పెట్టుకుని తడిమి చదివాడు. వాటిలో దగ్గులు లేవు.

క్లిఫర్డ్ కూడా తక్కువ మనిషేం కాదు. టౌన్‌హాల్ టెలిఫోన్ స్విచ్‌బోర్డు ముందు ముప్పై ఒక్క ఏళ్లు కూర్చున్నాడు. ఆరువందల నంబర్లు నోటికి వచ్చు. మేయరు దగ్గుతో మొదలుపెడితే ఏ కోపంలో ఉన్నాడో చెప్పేవాడు. ఊరి ఎన్నికల ఫలితాలన్నీ ఆయన చెవి మీదుగానే పోయేవి. అందరి ఓట్లనూ తీగల్లోంచి పంపించిన మనిషికి తన ఓటు ఎక్కడ పడిందో మాత్రం ఇంకొకరి మాట మీదే తెలియాలి. డోరీన్ ఎప్పుడైనా మోసం చేసిందా? చేసి ఉండదనే ఆయన నమ్మకం. కానీ నమ్మకం వేరు, తెలియడం వేరు.

ఇక మనసు మారిన సంగతి.

బ్రిడ్జి స్ట్రీట్‌లో రోడ్డు దాటే చోట ఒక స్తంభం, దానికి మీట నొక్కే పెట్టె ఉన్నాయి. ఆ పెట్టె అడుగున బొటనవేలంత ఇనుప బొంగరం ఉంటుంది. ఎదుట దీపంలో, ఇక దాటొచ్చని చెప్పే పచ్చబొమ్మ వెలిగినప్పుడు అది తిరుగుతుంది. చూపున్నవాళ్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు నూటికి ఇద్దరుంటే ఎక్కువ. క్లిఫర్డ్‌కు దాని కిందే వేలు పెట్టి, తిరగగానే "పద" అని కుక్కకు చెప్పడం అలవాటు. ఒకనాడు ఆ బొంగరం ఆగిపోయింది. కౌన్సిల్‌కు ఫోన్ చేస్తే నమోదు చేసుకున్నామన్నారు. రెండేళ్లపాటు నమోదు చేసుకుంటూనే ఉన్నారు. ఆ రెండేళ్లూ, డోరీన్ వెంట లేనప్పుడల్లా, ఆయన రోడ్డు పక్కన నిలబడి, "పచ్చబొమ్మ వచ్చిందాండీ?" అని దారినపోయేవాళ్లను అడగవలసి వచ్చింది. కొందరు చెప్పేవాళ్లు. కొందరు అడక్కుండానే రెక్క పట్టుకుని అవతలకు లాక్కుపోయి, పుణ్యం చేసినట్టు వెళ్లిపోయేవాళ్లు. ఇందులో ఏది ఎక్కువ అవమానమో ఆయన తేల్చుకోలేకపోయాడు.

ఒక ఉదయం పక్కన ఆగిన గొంతు కొత్తది. "పచ్చబొమ్మ వస్తే చెబుతాను. ఈలోగా నాకొకటి చెప్పండి, ఆ పెట్టె కింద ఏం వెతుకుతున్నారు?"

చెప్పాడు. ఆమె వంగి తనూ వేలు పెట్టింది. "బిగుసుకుపోయిందే! ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు."

ఆమె జాలి మాట ఒక్కటీ అనలేదు. అనరాని మాట ఒకటి మాత్రం అంది. మూడు వారాల తరువాత బొంగరం తిరిగింది. ఆమె పేరు మావిస్ సగ్డెన్ అని, ఆ వార్డుకు ఎర్రపార్టీ కౌన్సిలరని ఆయనకు తరువాత తెలిసింది. చెత్తడబ్బా మూత మారిస్తే ఫొటో దిగి కరపత్రం పంచే నాయకులున్న ఊళ్లో ఆ మనిషి బొంగరం గురించి ఎక్కడా ఒక్క ముక్క చెప్పుకోలేదు.

ఆమెకు, ఆమె నిలబడని ఏడు ఆమె పార్టీకి, ఓటు వెయ్యాలని క్లిఫర్డ్‌కు ఆ సంగతి తెలిసిన రోజే అనిపించింది. కానీ వెయ్యాలంటే డోరీన్‌తో చెప్పాలి. 'ఎరుపు' అన్న మాట తన నోట వినపడిందంటే ఇక బతికున్నన్నాళ్లూ టీతోపాటు అదే వడ్డిస్తుంది. చచ్చిపోయిన విల్ఫ్ సమాధిలోంచి లేచి బల్ల గుద్దుతాడు. రహస్య ఓటన్నది అధికారుల నుంచి, యజమానుల నుంచి కాపాడడానికే పెట్టారనుకుంటారు అంతా. ప్రేమించిన మనిషి దగ్గర ఓడిపోకుండా మనసు మార్చుకోవడానికి కూడా అది కావాలని క్లిఫర్డ్‌కు ముసలితనంలో బోధపడింది.

పోయిన ఏడు మార్చిలో డోరీన్ వంటింట్లో రూబార్బ్ కాడలు తరుగుతుంటే మెల్లగా బయటపెట్టాడు. "ఈసారి నా ఓటు నేనే వేసుకుంటా డోరీన్. తడిమితే తెలిసే అంకెలు, ఒక్కో అంకెకో మూత ఉన్న ప్లాస్టిక్ అట్ట ఒకటి ఉంటుందట. కాగితం మీద అతికిస్తారు. అడిగితే ఇవ్వాలట."

కత్తి చప్పుడు ఆగింది. "నా మీద నమ్మకం లేదా?"

"అది కాదే."

"మరి? నలభై ఏళ్లుగా నీకు సాక్స్ జతలు కలిపిచ్చేది నేను. నీ మందులు, నీ ఉత్తరాలు, నీ గడ్డం మీద మిగిలిన గుడ్డుసొనతో సహా చూసుకునేది నేను. ఈ ఒక్క గీత గీయడానికే పనికిరాకుండా పోయానా?"

"ఒక్కసారి నా చేత్తో గీసుకోవాలనుంది."

కత్తి మళ్లీ కదిలింది, ముందుకంటే గట్టిగా. "నీ ఇష్టం," అంది. ఆ మాటకు ఆ ఇంట్లో అర్థం వేరే.

తీరా ఆ మేలో హాలుకు పోతే అట్ట ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. వెతగ్గా వెతగ్గా సామాను పెట్టె అడుగున, దారపు ఉండల కింద దొరికింది. ఉద్యోగి చెమటలు కక్కుకుంటూ కాగితానికి అతికించి చేతికిచ్చాడు. క్లిఫర్డ్ వేళ్లు పోనిచ్చి ఉబ్బెత్తు అంకెలు తడిమాడు. పైన మొదట తగిలింది తొమ్మిది.

"అభ్యర్థులు ఎంతమందండీ?"

"ఆరుగురు సార్."

"మరి ఇక్కడ తొమ్మిదో నంబరువాడు ఉన్నాడే. ఆరును తలకిందులుగా నిలబెట్టారు నాయనా మీరు."

అట్టను ఊడబీకితే కాగితం చిరిగింది. కొత్త కాగితం తెచ్చేసరికి వెనక క్యూ పెరిగింది. ఎవరో పిల్లతల్లి నిట్టూర్చింది. చివరికి డోరీన్ వచ్చి పెన్సిలు అందుకుంది. క్లిఫర్డ్ పళ్లు బిగించి, "పసుపు," అన్నాడు. ఇంకేం అనగలడు?

ఇంటికొచ్చి కౌన్సిల్‌కు ఘాటుగా ఉత్తరం టైపు చేశాడు. నెల తరువాత జవాబు వచ్చింది. బ్రెయిల్‌లో కాదు, చదివి వినిపించే టేపు కాదు, అచ్చులో. డోరీన్ కళ్లజోడు పెట్టుకుని, అది చాలక భూతద్దం తెచ్చుకుంది. "చీమ తలకాయలంత అక్షరాలు! వీళ్లూ వీళ్ల మొహాలూ! సరే విను. 'మీ ఓటు గోప్యతను మేము అత్యంత ముఖ్యమైన హక్కుగా భావిస్తున్నాము.'" అక్కడ ఆగింది. కాసేపటికి కుర్చీ ఊగడం వినిపించింది. నవ్వాపుకోలేక ఊగుతోంది ఆవిడ. క్లిఫర్డ్‌కు కోపం, నవ్వు రెండూ ఒక్కసారే వచ్చాయి. ఆ రోజు ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. సమానత్వం గురించి ఆ కాగితంలో ఇంకా రెండు పేజీలున్నాయి. అవి చదవలేదు.

మర్నాడు ఫోన్ చేస్తే, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంది యంత్రం. తన కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి ఇదా అని క్లిఫర్డ్‌కు ఒళ్లు మండింది. పెట్టేసి, తన కాలంలో ఎన్నికల గదికి ఉన్న పాత నంబరు తిప్పాడు. మోగింది. ఎవరో అమ్మాయి ఎత్తింది. "ఈ నంబరు మీకెలా తెలుసండీ? ఇక్కడో ఫోన్ ఉన్నట్టు మాకే తెలీదు. బీరువా వెనకాల మోగుతోంది!"

ఆ అమ్మాయి పేరు షాజియా. ఎన్నికల గదిలో కొత్తగా చేరింది. కథంతా విని, "మీకేం కావాలో చెప్పండి హెప్‌వర్త్ గారూ," అంది.

అంత చిన్న ప్రశ్న ఆయన్ను ఎవరూ అడిగి ఉండలేదు. ఆయనకేం కావాలో వాళ్లే చెప్పడం అలవాటు. "పేర్లు వరసగా నా చెవికి మాత్రమే వినపడాలి. ఆ అట్ట నిటారుగా అతికించాలి. మా ఆవిడ బయట నిలబడాలి," అన్నాడు.

"మొదటి రెండూ నేను చూసుకుంటా. మూడోది నా చేతుల్లో లేదండీ."

"నా చేతుల్లోనూ లేదు తల్లీ."

ఈ ఏడు ఏప్రిల్‌లో షాజియా ఊరి లైబ్రరీకి అట్ట పట్టుకొచ్చింది. అభ్యాసానికి ఉత్తుత్తి ఓటు కాగితం చేసి, దాని మీద పార్టీల బదులు బిస్కెట్ల పేర్లు పెట్టింది. చెవిలో పెట్టుకునే చిన్న యంత్రంలో ఆమె గొంతే వరసగా చదివింది: ఒకటి, అల్లం బిస్కెట్. రెండు, కస్టర్డ్ బిస్కెట్. అలా ఆరు. క్లిఫర్డ్ మూత ఎత్తి, కింద గడిలో పెన్సిలుతో రెండు గీతలు గీశాడు. పుట్టాక ఇంటూ గుర్తు గీయడం అదే మొదలు. మొదటిది గడి దాటి బల్ల మీదకు పోయింది. నాలుగోది కుదిరింది.

"అల్లం బిస్కెట్‌కి..." అని ఆయన మొదలుపెట్టబోతే షాజియా గట్టిగా అడ్డం వచ్చింది. "నాకు చెప్పకండి! అసలు సంగతి అదే కదండీ!"

ఎన్నికల గురువారం వచ్చింది. డోరీన్ ముందు తన ఓటు వేసుకుని బయటికొచ్చి, గోడ పక్కన నిలబడి, "వెళ్లు. నేనిక్కడే ఉంటా. చెవులు కూడా మూసుకోవాలా?" అంది. లోపల ఉద్యోగి ఫొటో కార్డు అడిగాడు. క్లిఫర్డ్ బస్సు పాసు ఇచ్చాడు. అతను అటూ ఇటూ చూస్తున్నట్టుంది, ఎంతకీ తిరిగివ్వడు.

"నాలాగే ఉందా నాయనా? నేనెప్పుడూ చూళ్లేదు."

"మీరే సార్, మీరే," అని అతను కంగారుగా కార్డు చేతిలో పెట్టాడు.

అట్ట నిటారుగా ఉంది. పైన ఒకటి, అడుగున ఆరు. కుక్క ఆయన కాళ్ల దగ్గర పడుకుంది. చెవిలో షాజియా గొంతు పేర్లు చదివింది. మూడు, హేగ్, పసుపు. అయిదు, సగ్డెన్, ఎరుపు. ఆరువందల నంబర్లు మోసిన బుర్రకు ఒక్కసారి చాలు. అయినా రెండోసారి విన్నాడు, ఇష్టంగా. తరువాత వేలు ఒకటి మీంచి కిందికి దిగింది. మూడు దగ్గర, నలభై ఏళ్ల అలవాటు కాబోలు, కాస్త ఆగింది. అయిదు దగ్గర మూత ఎత్తాడు. ఒక గీత. దాని మీంచి ఇంకో గీత. కాగితం మీద పెన్సిలు గరగరలాడిన చప్పుడు ప్రపంచంలో ఆయనొక్కడికే వినిపించింది. కాగితం మడిచి, పెట్టె కన్నం తడిమి లోపల వేశాడు.

బయటికి రాగానే డోరీన్ అందుకుంది. "ఎంతసేపయ్యా! నేనిక్కడ నాచు పట్టిపోతున్నా. వేశావా?"

"వేశా."

"పసుపోడికే."

"ఓటు రహస్యం డోరీన్."

"అబ్బో! రహస్యమట. హోమ్‌రాయిడ్‌లో కుక్కలకు కూడా తెలుసు నీ రహస్యం."

మర్నాడు మధ్యాహ్నం రేడియోలో ఫలితం వచ్చింది. మావిస్ సగ్డెన్ రెండొందల పై చిలుకు ఓట్లతో గెలిచింది. పసుపు హేగ్ నాలుగో స్థానం. డోరీన్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. రూబార్బ్ కాడలతో క్రంబుల్ అనే తీపి వంటకం చేసి, పైన కస్టర్డ్ ధారాళంగా పోసింది. "తిను. చావు భోజనం అనుకుని తిను. నాలుగో స్థానమట మీవాడికి! ఆ గెడ్డపాయనకు నీదొక్కటీ, వాళ్లమ్మదొక్కటీ పడి ఉంటాయి." క్లిఫర్డ్ తల వంచుకుని, ఓడినవాడి మొహం పెట్టి రెండు గిన్నెలు తిన్నాడు. అంత రుచిగా ఎప్పుడూ లేదు.

గిన్నెలు కడిగి వచ్చి డోరీన్ ఎదురుగా కూర్చుంది. గొంతు మారింది. "ఒకటి చెప్పనా క్లిఫ్? నేనెప్పుడూ నిన్ను మోసం చెయ్యలేదు. ఒక్కసారి కూడా. మా నాన్న చనిపోయిన ఏడు మాత్రం... పెన్సిలు ఆయన పార్టీ పక్కన ఆనించి పెట్టా. నువ్వు పక్కనే కుక్కను పట్టుకుని ఉన్నావు. నీకు తెలిసేది కాదు. ఆఖరికి నువ్వు చెప్పిన చోటే పెట్టి ఇంటికొచ్చి ఏడ్చా."

క్లిఫర్డ్ కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"నలభై ఏళ్లుగా నా ఓటు వేసి, అదే చేత్తో నీది వేసి నాదాన్ని కొట్టేసుకున్నా. నిన్న ఆ గోడ దగ్గర నిలబడితే ఎంత తేలిగ్గా అనిపించిందో! నువ్వు లోపల ఏం గీస్తే అది గీయి, నా చెయ్యి మాత్రం కాదు అనుకున్నా. ఆ మాట ముందే తట్టి ఉంటే నీ మీద అలిగేదాన్నే కాదు."

చెప్పేద్దామా అని మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆమె ఎంత సంతోషిస్తుందో ఆయనకు తెలుసు. కానీ తెల్లారి నుంచి ఇంకో తెల్లారి దాకా తనొక్కడి దగ్గరే దాచుకున్న మొట్టమొదటి వస్తువు అది. చెయ్యి చాపి బల్ల మీద ఆమె చేతిని వెతికి పట్టుకున్నాడు. "నాకు తెలుసు," అన్నాడు. ఆ రోజుదాకా తెలియదు.

శనివారం ఇద్దరూ బజారుకు బయల్దేరారు. బ్రిడ్జి స్ట్రీట్ దగ్గర డోరీన్ మీట నొక్కింది. క్లిఫర్డ్ చెయ్యి అలవాటుగా పెట్టె అడుగుకు పోయింది.

"దాని కింద ఏం తడుముతున్నావ్? చూయింగ్ గమ్ అంటుకుంటుంది."

ఆయన ఆమె చూపుడు వేలు పట్టుకుని అక్కడ ఆనించాడు. మిల్లులో కనపడని ముడులు వెతికిన వేలు అది. కాసేపటికి బొంగరం తిరిగింది.

"ఓయమ్మా! ఇదేంటిది?"

"పచ్చబొమ్మ. నా పచ్చబొమ్మ. రెండేళ్లు ఆగిపోయింది."

"నాకు చెప్పనే లేదు! మరి ఎవరు బాగు చేయించారు?"

క్లిఫర్డ్ కుక్కను ముందుకు పొమ్మని, ఆమె చెయ్యి తన మోచేతి మడతలో వేసుకుని రోడ్డు మీదకు అడుగు వేశాడు. "మావిస్ సగ్డెన్," అన్నాడు.

నాలుగు అడుగులు వేశారు. రోడ్డు నట్టనడుమ డోరీన్ ఠక్కున ఆగిపోయింది.

"క్లిఫర్డ్ హెప్‌వర్త్!"

"ఓటు రహస్యం డోరీన్," అన్నాడు క్లిఫర్డ్. "నడు, బొంగరం ఆగిపోతుంది."